బరువు తగ్గడానికి ప్రోటీన్ పొడి వాడాను, ఏడాదిలో నాకు జరిగింది ఇదీ

బ్లౌజులు కుట్టడం నా పని. కర్నూలులో మా వీధి, పక్క వీధి ఆడవాళ్లందరి కొలతలూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. నా కొలత మాత్రం రెండేళ్లుగా తీసుకోలేదు. 2024 మే నెలలో మా పిన్ని కూతురి పెళ్లికి పట్టుచీర మీది బ్లౌజు తీసి వేసుకుంటే హుక్కులు పడలేదు. పక్క కుట్లు విప్పాను. లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదిలి కుట్టుకున్న బ్లౌజు అది. ఆ గుడ్డంతా బయటికి తీసినా హుక్కులు కలవలేదు. వేరే బ్లౌజు వేసుకుని పెళ్లికి వెళ్లాను. ఫొటోకి రమ్మంటే వెనక వరసలోకి పోయి నిలబడ్డాను.

నాకు 39 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ తక్కువగా ఉందని చెప్పారు. అప్పటి నుంచి రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. ఈ మాత్ర సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

పెళ్లి నుంచి వచ్చాక ఒక కస్టమర్ చెప్పింది, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక న్యూట్రిషన్ సెంటర్ ఉందని, అక్కడ తను ఆరు కిలోలు తగ్గిందని. జూన్ 10, సోమవారం వెళ్లాను. బరువు 79 కిలోల 200 గ్రాములు, నడుము 39 అంగుళాలు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. నెలకు 6,800 రూపాయలు. దానికి ఒక షేక్ డబ్బా, ఒక ప్రోటీన్ డబ్బా ఇస్తారు. పొద్దున, రాత్రి షేక్, మధ్యాహ్నం ఒక్కపూట కొంచెం అన్నం. ఫారంలో ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అని ఉంటే థైరాయిడ్ అని రాశాను. అక్కడున్న ఆవిడ చూసి, "పర్లేదక్కా, ఇది ఆహారమే కదా, మందు కాదు" అంది. నాకూ ఆ మాట సబబుగానే అనిపించింది.

సెంటర్ పొద్దున ఆరింటికే తెరుస్తారు. పిల్లల్ని స్కూలుకు పంపాలి కాబట్టి నేను తొలి గుంపులోనే వెళ్లేదాన్ని. ఇంట్లో థైరాయిడ్ మాత్ర వేసుకుని, చెప్పులు తొడుక్కుని నడిచి వెళ్తే పావుగంటలో షేక్ గ్లాసు చేతిలో ఉండేది.

మొదటి వారంలో 2 కిలోల 300 గ్రాములు తగ్గాను. అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. పదేళ్లలో నన్ను చూసి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను, సంతోషంతోనే. ఆ మొదటి వారంలో పోయింది చాలావరకు ఒంట్లోని నీరేనని, తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ఎవరికైనా అలాగే జరుగుతుందని నాకు అక్టోబర్‌లో తెలిసింది.

ఆగస్టు 5 నాటికి 71 కిలోల 600. ఎనిమిది వారాల్లో ఏడున్నర కిలోలు. బ్లౌజు హుక్కులు పడ్డాయి. కస్టమర్లు ‘ఏం తాగుతున్నావక్కా’ అని అడిగితే చెప్పేదాన్ని. ఇద్దర్ని నేనే సెంటర్‌కు తీసుకెళ్లాను. అందులో ఒకరు మా వెనక వీధి అక్క, 52 ఏళ్లు, సుగర్ మాత్రలు వాడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్లాను. ఇది రాయకుండా దాటేస్తే నేను ఇక్కడ ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆగస్టు 11, ఆదివారం ఆ అక్క సి క్యాంపు రైతుబజారులో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. కూరగాయలమ్మే ఆవిడ చక్కెర నీళ్లు కలిపి తాగించిందట. మాత్ర ఎప్పటిలాగే వేసుకుంది, దాని మీద తినాల్సిన అన్నం తినలేదు. సుగర్ పడిపోయింది. ఆ రోజు నేను వెళ్లి పలకరించి, ఎండదెబ్బ అయ్యుంటుందిలే అక్కా అని వచ్చేశాను.

నా సంగతి సెప్టెంబర్ మొదట్లో బయటపడింది. వినాయక చవితి ముందు మాకు పని ఎక్కువ. కట్టింగ్ టేబుల్ మీద తెల్ల లైనింగ్ పరిచి గీతలు గీస్తుంటే నా వెంట్రుకలు గుడ్డ మీద పడుతున్నాయి. ఏరి పక్కన పెట్టి మళ్లీ వంగితే మళ్లీ రాలేవి. ఒకరోజు మిషన్ దారం మాటిమాటికీ తెగుతోందని బాబిన్ కేసు తీసి చూస్తే, లోపల నూనెతో కలిసి నా వెంట్రుకలు నల్లగా ఉండచుట్టుకుని ఉన్నాయి. సూదితో పీకి తీయడానికి పావుగంట పట్టింది. తల దువ్వుకుంటే ఎప్పుడూ నాలుగు రాలేవి, ఇప్పుడు పిడికెడు. దానికి తోడు మలబద్ధకం, మధ్యాహ్నం రెండయ్యేసరికి కళ్లు మూతలు పడటం, ఎండలోనూ కాళ్లు చల్లగా ఉండటం. సెంటర్‌లో చెబితే ‘విషం బయటికి పోతోంది, మంచిదే’ అన్నారు. జుట్టుకి వేరే డబ్బా ఉందన్నారు, 1,900. అది మాత్రం కొనలేదు.

సెప్టెంబర్ 18, బుధవారం డాక్టర్ దగ్గరికి వెళ్లాను. టోకెన్ 31. రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఫీజు 500. రక్తపరీక్షలు 1,850. రిపోర్టు సాయంత్రం వచ్చింది. టీఎస్‌హెచ్ 11.8. జనవరిలో చేయించినప్పుడు 3.1 ఉండింది. ఒంట్లో థైరాయిడ్ తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది.

మాత్ర మోతాదు పెంచుతారనుకున్నాను. ఆమె పెంచలేదు. "మాత్ర ఎన్నింటికి వేసుకుంటారమ్మా? దాని తర్వాత నోట్లో ఏం పడుతుంది, ఎంతసేపటికి పడుతుంది?" అని అడిగారు. షేక్ అన్నాను. డబ్బా ఫొటో ఫోన్‌లో ఉంటే పెద్దది చేసి చూశారు. సోయా ప్రోటీన్, కాల్షియం. ఈ రెండూ థైరాయిడ్ మాత్రను పేగుల్లో సరిగ్గా ఒంటికి పట్టనివ్వవట. పాలు, కాఫీ కూడా అంతేనట. పరగడుపున నీళ్లతో మాత్ర వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం మాత్రలైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడు నెలలుగా నేను మాత్ర మింగుతున్నానే గానీ అందులో చాలా భాగం ఒంటికి చేరనే లేదు. జుట్టు రాలడానికి రెండు కారణాలు చెప్పారు. థైరాయిడ్ ఒకటి. రెండోది, బరువు గబగబా తగ్గినప్పుడు రెండు మూడు నెలలకు జుట్టు కుదుళ్లు వదిలేస్తాయట. మళ్లీ వస్తుందిగానీ నెలలు పడుతుందన్నారు.

మర్నాడు వెనక వీధి అక్క ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే షేక్ మానేసింది. వాళ్ల డాక్టర్ కోప్పడ్డారట, సుగర్ మాత్ర వేసుకునేవాళ్లు అడగకుండా పూట తిండి మానితే ప్రాణం మీదికి వస్తుందని. నా వల్లే కదా అక్కా అంటే, "నీ తప్పేముందిలే, నాకూ సన్నబడాలనే ఉండె కదా" అంది. కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు. నేను తీసుకెళ్లిన రెండో ఆమెకు ఏ జబ్బూ లేదు, ఆమెకు ఏమీ కాలేదు. అయినా విషయమంతా ఆమెకూ చెప్పాను.

షేక్ మానేశాను. మూడు నెలలకు కట్టింది 20,400. నెల తిరిగేసరికి, అక్టోబర్ 20 నాటికి బరువు 74 కిలోల 300 అయింది. ఆ నెల రోజులు చాలా బాధపడ్డాను. మా ఆయన ఒక్క మాట అనలేదు గానీ, డబ్బులు పోయినందుకు ఆయన ఎదుట తల ఎత్తలేకపోయాను.

డాక్టరమ్మే ఒక డైటీషియన్ దగ్గరికి పంపారు. అక్టోబర్ 23న వెళ్లాను, ఫీజు 400. వెళ్లే ముందు మూడు రోజులు తిన్నదంతా రాసుకుని రమ్మన్నారు. ఉగ్గాని, అన్నం, పప్పు, చారు, జొన్నరొట్టె, బుడ్డల (వేరుశెనగల) చట్నీ, రెండుసార్లు టీ, బిస్కెట్లు. ఆమె చూసి, మీ ఇంట్లో కందిపప్పు ఎంత ఉడకేస్తారు, ఎంతమంది తింటారు అని అడిగారు. ఒక గ్లాసు, రెండు పూటలకు, ఐదుగురం. గ్లాసంటే 150 గ్రాములు, అందులో ప్రోటీన్ 33 గ్రాములు, ఐదుగురికి పంచితే తలా ఆరేడు గ్రాములు అని కాగితం మీద వేసి చూపించారు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు.

"మీరు ఎప్పుడు తింటారు?"

అందరూ తిన్నాక, అన్నాను. గిన్నెలో పప్పు తక్కువ ఉంటే? కాసిన్ని వేడినీళ్లు పోసి తిప్పుకుని కలుపుకుంటాను. గుడ్లు? పిల్లలకు రెండు, ఆయనకు ఒకటి. ఆదివారం అరకిలో చికెన్ తెస్తే? ముక్కలు పిల్లలకు, ఆయనకు, అత్తమ్మకు. నాకు పులుసు. చెబుతుంటే నా గొంతు నాకే మారిపోయినట్టు వినిపించింది. ఇన్నాళ్లూ నేను ఎక్కువ తిని లావయ్యాననుకున్నాను. మూడు రోజుల లెక్క వేస్తే రోజుకు నాకు దక్కుతున్న ప్రోటీన్ 38 గ్రాములు. కడుపు నింపుతున్నదంతా అన్నమూ బొరుగులూ బిస్కెట్లే. ఆరున్నర రూపాయల గుడ్డు నా పళ్లెంలోకి ఎన్నడూ రాలేదు గానీ, 6,800 రూపాయల డబ్బా మాత్రం కొన్నాను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని, 55 కిలోల ఆడమనిషికి సుమారు 46 గ్రాములని ఆమె చెప్పారు. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి నాకు 65 దాకా పెట్టారు. దానికి ముందు కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నారు. 0.7 వచ్చింది, సరే అన్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదని గట్టిగా చెప్పారు. పొడి అవసరమా అని అడిగితే, 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దనే ఉందని, ముందు పళ్లెం సర్దుకుందాం అన్నారు.

సర్దుకున్నది ఇది. పొద్దున రెండు గుడ్లు, ఒకటో రెండో జొన్నరొట్టెలు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పు, గట్టి పప్పు ఒక కప్పు, పెరుగు. సాయంత్రం బిస్కెట్లకు బదులు గుప్పెడు పుట్నాలో ఉలవ గుగ్గిళ్లో. రాత్రి జొన్నరొట్టెతో సోయాతో చేసే మీల్‌మేకర్ కూర, ఆదివారం చికెన్ ముక్కలు. ఎండు మీల్‌మేకర్ 25 గ్రాములు నానబెడితే 13 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. మాత్ర పొద్దున కాబట్టి రాత్రి సోయా తింటే ఇబ్బంది లేదన్నారు. పప్పు గ్లాసున్నర చేశాను. బుడ్డల్లో ప్రోటీన్ ఉన్నా నూనె ఎక్కువ, చట్నీ రెండు చెంచాలతో ఆపమన్నారు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. బుడ్డల చట్నీ లేకుండా రొట్టె ముద్ద మింగుడుపడేది కాదు.

థైరాయిడ్ మాత్ర ఐదున్నరకు. స్ట్రిప్పును దిండు పక్కన నీళ్ల చెంబు మీద పెట్టుకుంటాను. ఆరున్నర దాకా టీ కూడా లేదు. నవంబర్ 4న పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 3.9. మోతాదు అదే, వేళ మారింది, అంతే.

ఇంతలో కార్తీక మాసం వచ్చింది, నవంబర్ 2 నుంచి. మా ఇంట్లో ఆ నెల గుడ్డు కూడా ముట్టం. లెక్క మళ్లీ 50 దగ్గరికి పడిపోయింది. అప్పుడు డైటీషియన్, ఈ నెలకు కావాలంటే పొడి వాడండి అన్నారు. షేక్ డబ్బా వద్దు, పాల నుంచి తీసే వే ప్రోటీన్, ఏ రుచీ కలపనిది. కొనేటప్పుడు చూడాల్సినవి రాసిచ్చారు. నేను ఇంటికొచ్చి పాత షేక్ డబ్బా తీసి ఆ కాగితంతో పోల్చి చూశాను. దాంట్లో ఒక మోతాదుకు ప్రోటీన్ 8 గ్రాములే. దాదాపు ఒక్క గుడ్డు, ఒక గుక్కెడు పాలు. మూడు నెలలు ఆ డబ్బా రోజూ చేతిలోకి తీసుకున్నాను, వెనక్కి తిప్పి ఒక్కసారీ చదవలేదు.

కొత్త డబ్బా కిలో 2,450. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నంబరు, సీలు, గడువు తేదీ, డబ్బాలో ఇచ్చే కొలత చెంచాకు 24 గ్రాముల ప్రోటీన్ అన్నీ చూసుకుని కొన్నాను. అయినా మొదటి రోజే చెడింది. పొయ్యి మీద నుంచి దించిన రాగి జావలో నేరుగా వేసి తిప్పాను. పాలు విరిగినట్టు తెల్లటి ఉండలు తేలాయి. ఎంత గిలక్కొట్టినా కరగలేదు. వేడికి వే ప్రోటీన్ గడ్డకడుతుందట. జావ చల్లారి, గిన్నెను చేత్తో పట్టుకోగలిగే వేడికి వచ్చాక, పొడిని ముందు కాసిన్ని చల్లటి నీళ్లలో కలిపి పోస్తే బాగా కలుస్తుంది.

రెండో ఇబ్బంది, గ్యాస్. నిండు చెంచా వేసుకున్న నాలుగు రోజులూ కడుపు ఉబ్బి, మిషన్ దగ్గర కూర్చోలేకపోయాను. మామూలు వే పొడిలో పాల చక్కెర కొంత మిగులుతుంది, పాలు పడనివాళ్లకు అలా అవుతుంది. అర చెంచాకు తగ్గించి మజ్జిగలో కలిపి మధ్యాహ్నం భోజనంతో తాగాను, పది రోజులకు సర్దుకుంది. ఇంకా పడకపోతే ఐసొలేట్ అనే రకం ఉంది, పాల చక్కెర తక్కువ, ధర ఎక్కువ. నాకు దాని అవసరం రాలేదు.

డబ్బా చూసి అత్తమ్మ భయపడింది. "మళ్లా పొడినా? కిడ్నీలు పోతాయంటారే" అని. రిపోర్టు చూపించి చెప్పాను. నమ్మిందో లేదో గానీ మళ్లీ అడగలేదు. కార్తీకం అయిపోయాక డిసెంబర్‌లో ఒక పొద్దున నేను పిల్లల బాక్సులు సర్దుతుంటే, ఉడికిన గుడ్లు రెండు తనే ఒలిచి ఉప్పు, మిరియాలు చల్లి గిన్నెలో పెట్టి నా ముందుకు తోసింది. "చల్లారితే బాగుండవు, ముందు తిను" అంది. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆ ఇంట్లో అందరికంటే ముందు నేను తిన్నది ఆ రోజే.

వ్యాయామం గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. అవుట్‌డోర్ స్టేడియంలో ముప్పావుగంట నడక, వారానికి ఐదు రోజులు. ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిహేనుసార్లు మూడు విడతలు, ఐదు లీటర్ల నూనె క్యాన్లలో నీళ్లు నింపి ఎత్తడం. మొదటి వారం మెట్లు దిగలేకపోయాను.

ఈసారి బరువు నింపాదిగా తగ్గింది. డిసెంబర్ 1న 73, జనవరి 12న 71. నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు సంక్రాంతికి కనిపించాయి. అద్దంలో ముందు చూసింది మా పాప.

ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి మధ్యదాకా ఆరు వారాలు ముల్లు 70.5 దగ్గరే ఆగిపోయింది. రోజూ పొద్దున ఎక్కి చూడటం, టెన్షన్ పడటం. షేక్ సెంటర్ ముందు నుంచి పోతూ రెండుసార్లు ఆగాను కూడా, నిజం చెబుతున్నాను. ఒక రాత్రి నిద్రపట్టక లేచి, ఊళ్లో అందరికీ పట్టే టేపును నా నడుముకు పట్టాను. 36న్నర. జనవరిలో 37న్నర ఉండింది. బరువు కదలకపోయినా అంగుళం పోయింది. ఆ రోజు నుంచి నోటుపుస్తకంలో నా పేరు మీద ఒక పేజీ తీశాను. రెండు వారాలకోసారి చేతి చుట్టు, నడుము, పిరుదులు రాస్తాను. బరువు చూడటం నెలకోసారికి తగ్గించాను.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: అక్టోబర్ నుంచి డైటీషియన్‌కు మూడుసార్లు 1,200, పొడి డబ్బాలు రెండు 5,050, థైరాయిడ్ పరీక్షలు మూడు 900, నా వంతు గుడ్లు నెలకు 325 రూపాయలు. రోజుకు అర చెంచానే కాబట్టి డబ్బా రెండు నెలలు దాటి వస్తుంది. ఆదివారాలు, చికెన్ తిన్న రోజులు పొడి వేసుకోను. సోమవారం, శనివారం గుడ్డు ఉండదు కాబట్టి ఆ రెండు రోజులు తప్పకుండా వేసుకుంటాను.

2025 మే 30న బరువు 67 కిలోల 800. నడుము 35. పట్టుచీర బ్లౌజుకు మొన్న ఒక అంగుళం లోపలికి కుట్టు వేశాను, బయటికి తీసిన పాత గుడ్డ మీద పాత సూది గుర్తులు ఇంకా ఉన్నాయి. డాక్టరమ్మ 62 దాకా తగ్గితే బాగుంటుందన్నారు, తొందరేమీ లేదన్నారు. వెనక వీధి అక్క మొన్న బ్లౌజు గుడ్డ తెచ్చి, నాక్కూడా ఆ డైటీషియన్ దగ్గర టోకెన్ తీసుకో అంది. వచ్చే బుధవారం ఇద్దరం వెళ్తున్నాం. ఆమె సుగర్ మాత్రల చీటీ, మూడు రోజుల తిండి రాసిన కాగితం ఇప్పటికే నా మిషన్ డ్రాయర్‌లో పెట్టుకున్నాను.